ముక్కల ట్రే

మా అక్క విరిగినవే తింటుంది. బిస్కెట్టు విరిగితే ఆమెకు, రొట్టె మాడితే ఆమెకు, పండు ఒకవైపు మెత్తబడితే ఆ వైపు ఆమెకు. ఇదేదో త్యాగం అనుకోకండి. త్యాగం చేసేవాళ్ళు కనీసం ఒక నిట్టూర్పయినా విడుస్తారు, మనకు వినబడేలా. మా అక్క అదీ విడవదు. "నాకు ముక్కలంటేనే ఇష్టమే" అంటుంది. యాభైకి దగ్గర పడిన మనిషి ఈ ఒక్క అబద్ధాన్ని ఇన్నేళ్ళు ఇంత నిలకడగా ఎలా చెప్పుకొచ్చిందో నాకు అర్థం కాదు. అర్థం కాకపోగా ఒళ్ళు మండుతుంది.

ఒప్పుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ అబద్ధం మొదలుపెట్టింది అక్క కాదు, మా ఇల్లు. చిన్నప్పుడు అమ్మ బిస్కెట్ల డబ్బా మూత తీస్తే పైన పేర్చినవి నాన్నకూ నాకూ, అడుగున చేరిన ముక్కలు అక్కకూ వచ్చేవి. నాకు ఏడేళ్ళప్పుడు ఒకసారి "అక్కకెందుకు ముక్కలు?" అని అడిగాను. "దానికి అవే ఇష్టం" అంది అమ్మ. మళ్ళీ అడగలేదు. అడగకపోతే నా వాటా తగ్గదని ఆ వయసులోనే తెలిసిపోయింది. ఇప్పుడు నేను బడిలో చెప్పేది కూడా లెక్కలే.

పాఠం చెప్పడం నా వృత్తి, నా అలవాటు, అక్క మాటల్లో చెప్పాలంటే నా జబ్బు. అందుకే ఆమె నన్ను పేరు పెట్టి పిలవదు, "పంతులమ్మా" అంటుంది. నేను ఎంత గట్టిగా అరిచినా ఆమె చెవిన పెట్టదు. తలూపుతుంది. మా చివరి బెంచీ పిల్లలు కూడా అంత చక్కగా తలూపలేరు.

అక్క పదిహేనేళ్ళుగా ఒక బేకరీలో ప్యాకింగ్ పని చేస్తోంది. పొయ్యిలోంచి దిగిన ట్రేలు ఇనుప అరల్లో చల్లారాక, సరుకును ఒక్కొక్కటిగా చూసి పెట్టెల్లో సర్దాలి. బాగున్నవి పెట్టెలోకి. అంచు చెదిరినవి, అడుగు అంటుకున్నవి, నడుమ చీలినవి ముక్కల ట్రేలోకి. మధ్యాహ్నం పని దిగేటప్పుడు ఆ ట్రేలో ఉన్నది పనివాళ్ళు పంచుకుంటారు. ఇన్ని చోట్లుండగా వెతుక్కుని వెతుక్కుని ఆ చోటే చేరింది మా అక్క. దీన్ని ఏమనాలో నాకు తెలియదు.

రెండేళ్ళ కిందట బావ ఆమెను వదిలేశాడు. ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు. తాగుడు లేదు, కొట్టడం లేదు, కనీసం గొడవ కూడా లేదు. ఒకరోజు పొద్దున్నే అన్నం తిని, చెయ్యి కడుక్కుని వచ్చి చెప్పాడట: "ఇరవై రెండేళ్ళలో నాకు ఫలానాది కావాలని నువ్వొక్కసారైనా అడిగావా? గోడతో కాపురం చేసినట్టుంది." అడగడం తెలిసిన ఇంకొకావిడ దొరికిందట. ఎంత తెలివి! ఇరవై రెండేళ్ళు బాగున్న ముక్కలన్నీ తన కంచంలో పడుతుంటే అప్పుడు తెలియలేదా గోడ సంగతి?

ఈ మాట చెప్పడానికి అక్క మా ఇంటికి వచ్చింది. ముందుగదిలో మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఆమె గుమ్మం పక్కన, చెప్పులు విప్పుకోవడానికి వేసిన ముక్కాలి పీట మీద కూర్చుని చెప్పింది. కన్నీళ్ళు లేవు. "ఇల్లు ఆయన పేరున ఉంది కదా, నెలాఖరుకు ఖాళీ చేస్తాను" అంది, అద్దెకున్నవాళ్ళు చెప్పినట్టు.

కావలసిన సామాను పట్టుకెళ్ళమన్నాడు బావ. అక్క పట్టుకొచ్చినవి చూస్తే నాకు చిర్రెత్తుకొచ్చింది. పిడి ఊగే గిన్నె, అంచు పెచ్చులేచిన రెండు కంచాలు, ఇస్త్రీపెట్టె మాడ్చిన దుప్పటి, ఆ ఇస్త్రీపెట్టె. దాని వైరుకు మూడు చోట్ల టేపు చుట్టి ఉంది. "మిగతావి ఆవిడకి పనికొస్తాయి కదే" అంది. ఆవిడ అంటే ఆ ఇంకొకావిడ. నేను గోడకేసి తల కొట్టుకోవాలా, అక్క తల కొట్టాలా తేల్చుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను.

బేకరీకి రెండు వీధుల అవతల, సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీద ఒక గది అద్దెకు తీసుకుంది. కిటికీ సగమే తెరుచుకుంటుంది. పగలంతా కింద సుత్తి చప్పుడు. గదిలో బల్బు ఒక మూలన ఉంటే, మంచం రెండో మూలన వేసుకుంది. "బల్బు కింద వేసుకోవచ్చు కదా?" అంటే, "అక్కడ వెలుతురు బాగుంటుంది, ఎవరైనా వస్తే కూర్చుంటారు" అంది. ఎవరొస్తారు? నేనొక్కదాన్నే వస్తాను. వచ్చి, ఆ వెలుతురులో కూర్చుని ఆమెను తిడతాను.

తిట్టి ఊరుకోలేదు, బోధ కూడా చేశాను. ఆ రోజుల్లో నా ఫోన్ నిండా అవే: జీవితం కూలిపోయినప్పుడు నిన్ను నువ్వు ప్రేమించుకో, నీకు నువ్వే తోడు, ఇలాంటివి. అవన్నీ అక్కకు చదివి వినిపించాను. ఆమె శ్రద్ధగా విని, "సరే, అదెలా చేస్తారే? ముందు ఏం చెయ్యాలి?" అని అడిగింది. పిండి ఎంత, నీళ్ళెంత అని అడిగినట్టు. నేను ఫోన్‌లో ఇంకో రెండు పేజీలు తిప్పాను. చివరికి, "పొద్దున్నే అద్దంలో చూసుకుని నీకు నువ్వు ఒక మంచి మాట చెప్పుకో" అన్నాను.

వారం పోయాక అడిగితే, "చెప్పాను. 'నువ్వు మంచిదానివే' అన్నాను. అద్దంలోది నన్ను ఎగాదిగా చూసి, 'సర్లే, పనికి టైమైంది పద' అంది" అని పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఈమె మారదు, నేను విసిగిపోయాను అని ఇంటికొచ్చి మావారితో అన్నాను. ఆ మాట ఆయనతో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

అక్కకు మిగిలింది ఆ పని ఒక్కటే. పొద్దున్నే లేవడానికి కారణం, నలుగురితో మాట, గది అద్దె, అన్నీ అందులోనే ఉన్నాయి. అది కూడా పోబోతోందని ఒక గురువారం మధ్యాహ్నం నాకు ఫోన్ వచ్చింది. చేసింది బేకరీ యజమానురాలు. "మీ అక్క ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. మీరొచ్చి మాట్లాడించండి. లేకపోతే నేను తీసెయ్యాల్సి వస్తుంది" అంది. ఎనిమిదో తరగతిని పక్క గది టీచరుకు అప్పజెప్పి పరుగెత్తాను.

బేకరీ వెనక గదిలో ఒక స్టీలు బల్ల, గోడవారన పిండి బస్తాలు, సగం ఖాళీ అయిన ఇనుప అరలు. పొయ్యి ఆర్పినా వేడి తగ్గలేదు. బల్ల మీద ఒక చిన్న గుండ్రటి కేకు, రెండు సగాలుగా. పైన తెల్లటి క్రీము, దాని మీద పెట్టిన నారింజ తొన ఒక సగానికి అంటుకుని ఉంది. ఒకవైపు యజమానురాలు, ఇంకోవైపు పొయ్యి మేస్త్రి. మా అక్క ఎక్కడ కూర్చుందో చెప్పక్కర్లేదు. కుర్చీ ఉండగా పిండి బస్తా మీద కూర్చుంది.

జరిగింది ఇది. గురువారాలు అక్కడ ఆ నారింజ కేకులు చేస్తారు. తొమ్మిది వారాలుగా ప్రతి గురువారం ఒక్క కేకు విరిగి ముక్కల ట్రేలో తేలుతోంది. ఒక్కటే. మేస్త్రికి అది కంటిలో నలుసైపోయింది. పిండి మార్చాడు. గుడ్లిచ్చేవాడితో తగువు పెట్టుకున్నాడు. ట్రేని పై అరలోంచి కింది అరలోకి మార్చాడు. పొయ్యి పక్క గోడ మీద సుద్దతో ఏ వారం ఎంత వేడి అని రాసుకున్నాడు. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి, ఇంట్లో కూడా అదే గొణుగుడట. చివరికి ఆ రోజు యజమానురాలు, "మేస్త్రిగారూ, మీ చెయ్యి వెనకపడుతోంది. సాయానికి ఇంకొకర్ని పెట్టుకుందాం" అంది. ఆ మాటకు మేస్త్రి మొహం వాడిపోయింది. అప్పుడు అరల వెనక నుంచి అక్క ముందుకొచ్చి, "ఆయన చెయ్యి బాగానే ఉంది. నేనే విరిచాను" అని చెప్పింది. చెప్పి, బస్తా మీద కూర్చుని నోరు మూసుకుంది.

"నేను కనిపెట్టలేకపోయానమ్మా" అన్నాడు మేస్త్రి నాతో. ఆయన గొంతులో కోపం కన్నా అవమానం ఎక్కువగా ఉంది. "పడితే అంచు నలుగుతుంది. ట్రేకి అంటుకుంటే అడుగు ఊడుతుంది. వేడిగా ఉండగా తీస్తే నడుమ కుంగుతుంది. ఇది ఏదీ కాదు. చూడండి, రెండు బొటనవేళ్ళు పెట్టి విరిచిన విరుపు ఇది. వేళ్ళ గుర్తులు కూడా ఉన్నాయి. తొమ్మిది వారాలు నా కళ్ళ ముందే ఉన్నా నాకు తట్టలేదు. చేతిలోకి తీసుకుని విరిచేవాళ్ళు ఉంటారని నేనెందుకు అనుకుంటాను?"

గోడ మీద పెద్ద అక్షరాలతో నియమం రాసి ఉంది: కావాలని పాడుచేసినవారిని పనిలోంచి తీసేస్తారు. ఎప్పుడో ఒకాయన ఇంటికి పట్టుకెళ్ళడం కోసం ట్రేలకు ట్రేలే కింద పడేసేవాడట, అప్పుడు పెట్టారు. "అందరికీ ఒకటే నియమం కదండీ" అంది యజమానురాలు. కఠినమైన మనిషిలా లేదు. అలిసిపోయిన మనిషిలా ఉంది.

నేను బడిలో వాడే గొంతు తీశాను. "అక్కా, నోరు తెరిచి చెప్పు. ఎందుకు విరిచావు?"

అక్క తన బొటనవేళ్ళ వైపు చూసుకుంది. "తినాలనిపించింది."

"తినాలనిపిస్తే కొనుక్కోవచ్చుగా! పనివాళ్ళకి సగం ధరకే ఇస్తారుగా!"

"బాగున్నదాన్నా?" అంది అక్క. "నా కోసమా?"

నిజంగానే అడిగింది. నటన కాదు, ఎత్తిపొడుపు కాదు. ఆ అడిగిన తీరుకు యజమానురాలు చేతిలో ఉన్న పెన్ను కింద పెట్టేసింది.

"బాగున్నది చేతిలోకి తీసుకుంటే అది ఎవరిదో అనిపిస్తుందే" అంది అక్క. "వాళ్ళొచ్చి అడుగుతారేమో అనిపిస్తుంది. విరిగితే ఎవరూ అడగరు. అప్పుడది నాది. నువ్వే అన్నావుగా, నీ కోసం నువ్వేదైనా చేసుకోమని. అద్దంతో మాట్లాడ్డం నాకు రాలేదు. అందుకని గురువారం గురువారం ఒకటి తిందామనుకున్నా."

అంటే నా బోధ విని చేసిన పని ఇది! నాకు తల కొట్టేసినట్టయింది. అలాంటప్పుడు మనిషి ఏం చేస్తుంది? ఎదుటివాళ్ళ మీద ఇంకా గట్టిగా అరుస్తుంది. నేనూ అదే చేశాను. "ఈ గోల ఎవరికైనా తెలిస్తే? విన్నవాళ్ళు మేమేదో నిన్ను మాడ్చి చంపామనుకుంటారు! బావ సంగతి వదిలెయ్. మా ఇంటికి ప్రతి ఆదివారం వస్తావు. నా ఇంట్లో ఎప్పుడైనా నిన్ను తక్కువ చేశానా? చెప్పు!"

"మీ ఇంట్లో నా కప్పు ఏదే?" అంది అక్క.

నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నీలం కప్పు. చెవి విరిగిపోయి ఏళ్ళయింది. అందులో టీ పోస్తే వేడికి పట్టుకోలేక అక్క రుమాలు చుట్టి పట్టుకుని తాగుతుంది. అలమరలో చెవులున్న కప్పులు ఆరున్నాయి.

"అది నాకిచ్చింది నువ్వే కదా" అంది. "అక్కకి ఇదే ఇష్టం అని మీవారితో కూడా చెప్పావు." గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేను తిరగబడి రెండు మాటలనేదాన్ని, కాస్త తేలికపడేదాన్ని. అదీ లేదు. పరాయివాళ్ళ ముందు, పిండి బస్తాల మధ్య, పాతికేళ్ళు పాఠాలు చెప్పిన నేను తలొంచుకుని నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మేస్త్రి యజమానురాలి వైపు తిరిగాడు. "మేడమ్, పనిలోంచి తీసెయ్యకండి. ఈమె సర్దిన పెట్టెలో ఏనాడూ ఒక్క కేకు నలగలేదు. కానీ శిక్ష నేను చెబుతాను, నన్ను తొమ్మిది వారాలు పిచ్చివాణ్ణి చేసింది కాబట్టి. చెల్లెమ్మా, ఇవాళ్టి నుంచి ముక్కల ట్రే మీద నీ చెయ్యి పడకూడదు. ఒక్క ముక్క కూడా నీకు లేదు. తినాలనిపిస్తే ముందువైపు నుంచి రా, అందరిలాగే వరసలో నిలబడి కొనుక్కో."

యజమానురాలు ఒప్పుకుంది. దానికి తోడు ఒక వారం పనికి రావద్దంది. అప్పటిదాకా రాయిలా కూర్చున్న మా అక్క భోరున ఏడ్చింది. మొగుడు వదిలేస్తే ఏడవని మనిషి, ఇల్లు ఖాళీ చేస్తే ఏడవని మనిషి, ముక్కల ట్రే పోయిందని ఏడ్చింది. "మరి నేనేం తినాలి?" అంది చీదుకుంటూ. ఓదార్చాలో, ఒక్కటి అంటించాలో తెలియక ఆమె భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకొచ్చాను.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళగానే నీలం కప్పు తీసి చెత్తబుట్టలో పడేశాను. ఏదో గొప్ప పని చేసినట్టు హాయిగా అనిపించింది. ఆదివారం అక్క వచ్చింది. కొత్త కప్పులో, చెవి ఉన్నదానిలో, టీ ఇచ్చాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నా కప్పేది?" అంది.

"పడేశాను."

"ఎవర్నడిగి పడేశావు? నా కప్పు నన్నడక్కుండా పడేస్తావా? ఇచ్చేటప్పుడూ అడగవు, తీసేటప్పుడూ అడగవు!" మూతి ముడుచుకుని, టీ సగమే తాగి వెళ్ళిపోయింది. నేను చేసిన మంచికి ఇదా ఫలితం అని ఆ రాత్రంతా రుసరుసలాడాను. మా అక్క నా మీద అలగడం మా జీవితంలో అదే మొదటిసారని మావారు అనేదాకా నాకు తట్టలేదు.

గురువారం వచ్చింది. పనికి రావద్దన్న వారంలో ఆఖరి రోజు. బడి వదిలాక గదికి వెళ్ళి, "పద" అన్నాను. రాననలేదు. బేకరీ ముందువైపుకు ఆమె ఎప్పుడూ వెళ్ళలేదట, పదిహేనేళ్ళలో. గాజు తలుపు తోయాలో లాగాలో తెలియక ఆగిపోయింది. వరసలో నిలబడ్డాం. ముందు ఐదుగురు. ఒక్కొక్కరు తగ్గుతుంటే అక్క వెనక్కి జరుగుతోంది. వెనకాయనకు దారిచ్చేస్తుందేమోనని ఆమె మోచెయ్యి పట్టుకుని నిలబెట్టాను.

మా వంతు వచ్చింది. కౌంటరాయన గాజు అరలోంచి ముందున్న కేకు తియ్యబోయాడు.

"అది కాదు" అంది అక్క. గొంతు సరిగ్గా పైకి రాలేదు. దగ్గి, మళ్ళీ చెప్పింది. "అది కాదు బాబూ. దాని పక్కది. దాని మీద తొన బాగా కుదిరింది."

"కట్టివ్వమంటారా?"

"వద్దు. ఇక్కడే తింటాను."

కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాం. ఈసారి కుర్చీలోనే కూర్చుంది, అంచున అయితేనేం. ప్లేటులో కేకు చెక్కుచెదరకుండా ఉంది. అక్క దాని వైపే చూస్తోంది. చెంచా ముట్టుకోలేదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. తినవే తల్లీ, తిను, అని అరవాలని నా నాలుక దురదపెడుతోంది. పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. ఇంతలో ఆమె రెండు చేతులూ లేచి, రెండు బొటనవేళ్ళూ కేకుకు చెరోవైపు వచ్చి ఆగాయి. లోపలి తలుపుకున్న గాజు ముక్కలోంచి మేస్త్రి తొంగి చూస్తున్నాడు.

వేళ్ళు నొక్కలేదు. అక్క కేకును అలాగే రెండు చేతులతో ఎత్తి, తొనతో సహా ఒక పెద్ద ముక్క కొరికింది. క్రీము ముక్కుకు అంటుకుంది. తుడుచుకోలేదు. నెమ్మదిగా నమిలి మింగింది. నేను ఆమె మొహంలో ఏదో గొప్ప మార్పు కోసం వెతుకుతున్నాను.

"తీపి ఎక్కువైంది" అంది. "మేస్త్రికి చెప్పాలి."

మళ్ళీ కొరికింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఎందుకో ఆకలి కూడా వేసింది. అలవాటుగా, ఏమీ ఆలోచించకుండా, నా చెయ్యి ఆమె ప్లేటు వైపు వెళ్ళింది. నలభై ఏళ్ళుగా వెళుతున్న చెయ్యే. నేను చెయ్యి చాపితే అక్క బాగున్న సగం నాకు పెట్టాలి, అది మా ఇద్దరి మధ్య ఎవరూ రాయని నియమం.

అక్క ప్లేటును తన వైపుకు జరుపుకుంది.

"కావాలంటే నువ్వొకటి కొనుక్కో, పంతులమ్మా" అంది, నోటి నిండా కేకుతో.

నాకు చివుక్కుమంది. అబద్ధమెందుకు, నిజంగానే గుచ్చుకుంది. రెండేళ్ళుగా ఏది నేర్చుకోమని నేను ఆమె ప్రాణం తీస్తున్నానో, అది నా మీదే మొదలవుతుందని నేననుకోలేదు.

లేచి వెళ్ళి వరసలో నిలబడ్డాను. నా ముందు నలుగురున్నారు. వెనక్కి తిరిగి చూస్తే అక్క ఇంకా తింటూనే ఉంది, తొందర లేకుండా, నా వైపు చూడకుండా.